ముప్పై ఎనిమిది అంగుళాలు

ఎనిమిది అంగుళాలు.
మా ఊరి చట్టం పచ్చికకు ఇచ్చిన ఎత్తు అంతే.
అది దాటి ఎదిగిన ప్రతిదీ కలుపు.
నడుముకు పసుపు టేపు, జేబులో నోటీసు పుస్తకం,
పదకొండేళ్లుగా నా ఉద్యోగం ఇదే.

ఆగస్టు ఆఖరి వారం, ఓహైయోలో వాయవ్యపు మూల.
ఎవరో ఫిర్యాదు చేస్తే వెళ్లాను
ఆర్లో రెథ్‌మెల్ ఇంటికి.
వీధి వీధంతా ఒకే మంగలి చేతిలో
తల పెట్టినట్టున్న పచ్చిక.
అతని ముంగిట్లో మాత్రం
చూరు గొట్టం నీళ్లు దిగేచోట
నడుమెత్తున ఒక గుంపు, ఎవరికోసమో ఎదురుచూస్తూ.

ముసలాయన మెట్ల మీద కూర్చుని
బూట్లకంటిన బురద పుల్లతో గీక్కుంటున్నాడు.
"కొలుచుకో అమ్మాయ్" అన్నాడు, లేవకుండానే.
కొలిచాను. ముప్పై ఎనిమిది.
"నిన్న ముప్పై ఏడున్నరే"
గోడ మీద గీతలు గీసి
మనవడి ఎత్తు చెప్పే గొంతు.

నలభై ఒక్క ఏళ్లు ఆయన చేసింది ఒకటే పని:
పొలాల కింద మట్టి గొట్టాలు పరిచి
తడిని వాగులోకి తోలెయ్యడం.
ఇదంతా ఒకప్పుడు చిత్తడి అడవి,
గుర్రాలు పొట్ట దాకా దిగబడేవట.
తాత కొంత ఆరబెట్టాడు, తండ్రి కొంత,
మిగిలింది ఈయన.
"ఈ మూల ఒక్కటి నా మాట వినలేదు.
మూడుసార్లు పచ్చిక పరిచా, మూడుసార్లూ కుళ్లింది.
నోరీన్ అంది, 'నేలకి తడి కావాలి, వద్దంటున్నది నువ్వే' అని.
ఈ మొక్క తెచ్చింది కూడా తనే, నాలుగు డాలర్లకి."

నీరు పల్లమెరుగు.
నేనెరిగినవి చిరునామాలు.

వంగి చూశాను.
తెల్లటి పువ్వు, పెదవి అంచున గులాబీ ఛాయ,
అచ్చం నోరు బిగించిన తాబేలు తల.
పేరూ అదేనట.
బొద్దు తుమ్మెద ఒకటి వచ్చింది.
తలతో తోసి, భుజాలతో తోసి,
బిగిసిన తలుపు తెరుచుకుని నడుం దాకా దూరింది.
వెనకాలే నోరు మూతపడింది.
లోపల ఒకటే సణుగుడు.
మాట నాలుక చివర ఆగినవాడి బుగ్గలా
పువ్వు కదిలింది.
కాసేపటికి వెనక్కి వెనక్కి నడుస్తూ బయటపడి,
వీపంతా పుప్పొడితో
తిన్నగా నా టేపు మీద వాలింది.
ముప్పై నాలుగో అంగుళం దగ్గర
కాళ్లు తుడుచుకుంది.

నేను టేపు వదల్లేదు.
చుట్టలేదు కూడా.

నా పుస్తకంలో ఒక వాక్యం ఉంది:
గట్టు కట్టి ఉంటే పూలమడి, లేకుంటే కలుపు.
ఇంటివాళ్లకి అది చెప్పడం నా పని కాదు.
చెప్పాను.

ఆర్లో ఏమీ అనలేదు. షెడ్డులోకి వెళ్లాడు.
వచ్చేటప్పుడు తోపుడుబండి నిండా
ఎర్రటి మట్టి గొట్టాలు, అంచులు విరిగినవి,
ఏ పొలంలోంచి తవ్వి తెచ్చుకున్నాడో.
ఒక్కొక్కటీ నిలువుగా పాతుతూ మడి చుట్టూ తిరిగాడు.
నీటిని తరిమినవే
ఇప్పుడు నీటికి కంచె.
ఎదురింటి కర్టెన్ కదిలి, ఆగి, మళ్లీ కదిలింది.
కిటికీలోంచి నోరీన్ అరిచింది:
"వంకరగా ఉన్నాయ్!"
"చిత్తడి కూడా వంకరదే," అన్నాడాయన.

కాగితం మీద 'పూలమడి' అని రాశాను.
ఎత్తు గడిలో ముప్పై ఎనిమిది అని వేసి,
ఎందుకో తోచలేదు,
పక్కన 'తుమ్మెద ఒకటి' అని కూడా.
మా అధికారి దాన్ని కొట్టేస్తాడు, తెలుసు.

ఆ రాత్రి వాన.
మా ఇంటి చూరు గొట్టం కింద కూడా
పచ్చిక పట్టని మచ్చ ఒకటుంది.
నాలుగేళ్లుగా చెక్క కప్పి దాస్తున్నాను.
పొద్దున్నే చెక్క ఎత్తి, అక్కడ కాలు పెట్టి తీశాను.
నా బూటు అచ్చులోకి
ఎక్కడినుంచో
నెమ్మదిగా నీళ్లు.